ఏడవని బిడ్డ

మిట్టూరులో ధనంజయ ఇంటి ముందర జట్కా ఆగింది. చంద్రకాంతమ్మ దిగింది. అరుగు మీద నిలబడ్డ ధనంజయ ముఖం మాడిపోయింది. పోయినవారం మనం వాళ్ళిద్దర్నీ అక్కడ వదిలిపెట్టాం. ఆమె రాకూడని రోజున వచ్చింది. ఆ మధ్యాహ్నమే టీచర్ల ట్రైనింగ్ స్కూలు హాల్లో, మద్రాసు నుంచి వచ్చిన పెద్దల ముందర, ధనంజయ తన కూతుర్ని నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వవలసి ఉంది.

చంద్రకాంతమ్మ అతనికి అత్తగారు. అంతకు ముందు అక్క. తల్లి లేని పసివాణ్ణి ఐరాలలో చంకన వేసుకుని పెంచింది ఆమే. పెంచి, మద్రాసులో చదివించి, తన కూతురు వరదమ్మను అతనికే ఇచ్చి చేసింది. యుద్ధం ముగిసిన ఏడు వరదమ్మ విషజ్వరంతో పోయింది. మిగిలింది మునిరత్నం ఒక్కతే. ఇప్పుడు దానికి ఐదో ఏడు.

తల్లి పోయాక ఆ బిడ్డ ఏడ్చిన ఏడుపు వీధివీధంతా విన్నది. దీపాలు పెట్టే వేళకు మొదలయ్యేది. ఎవరెత్తుకున్నా ఊరుకునేది కాదు. ట్రైనింగ్ స్కూల్లో మనస్తత్వ శాస్త్రం చెప్పే ధనంజయ ఆ రోజుల్లోనే తన పాత పుస్తకాలు మళ్ళీ తీశాడు. ఏడుపు ఒక అలవాటు. ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎత్తుకుంటారు కాబట్టి ఆ అలవాటు బలపడుతుంది. ఏడుపుకు ఫలితం లేకుండా చేస్తే అది దానంతటదే చచ్చిపోతుంది. పుస్తకాల్లో ఉన్నది అదే. ధనంజయ దాన్ని అక్షరం తప్పకుండా పాటించాడు. బిడ్డ ఏడిస్తే లేచి బయటికి పోయి తలుపు వేసేవాడు. ఏడుపు ఆగాక వచ్చి "శభాష్" అనేవాడు. అవ్వ వచ్చి పోయినప్పుడల్లా ఏడుపు తిరగబెడుతున్నదని, ఆమెను కూడా రావద్దన్నాడు.

కొన్ని నెలలకు ఇల్లు నిశ్శబ్దమైపోయింది. ఇప్పుడు మునిరత్నం తానే స్నానం చేస్తుంది. తానే బట్టలు తొడుక్కుంటుంది. తానే దీపం తగ్గించి పడుకుంటుంది. ఏడవదు. ఆ మాట స్కూలు దాటి మద్రాసు దాకా పోయింది. పెద్దలు వస్తున్నది ఆ బిడ్డను చూడడానికే.

*

"లోపలికి రా అక్కా" అన్నాడు ధనంజయ, పక్కకు జరిగి.

"రావద్దంటావేమో అనుకుంటి" అంది చంద్రకాంతమ్మ. చేతిలో చిన్న మూట ఉంది. అందులో చవితి పోయాక చేసిన నువ్వుల ఉండలు, ఒక పట్టు పరికిణీ. "పెద్దోళ్ళ ముందర బిడ్డను నిలబెడతా ఉండావని ఎవురో చెప్తే తెలిసింది. కట్టుకునేదానికి ఒక మంచి గుడ్డయినా ఉండాదో లేదో అని వచ్చినాను. అంతే. పొద్దుగూకే బస్సుకు పూతలపట్టు దాకా పోయి, ఆడ్నించి ఐరాలకు ఎట్లో పోతాను."

మధ్యగది గడపలో మునిరత్నం నిలబడి ఉంది. మణికట్ల దాకా చేతులున్న గౌను వేసుకుంది. తల తానే దువ్వుకున్నది కాబట్టి పాపిడి వంకరగా ఉంది. అవ్వను చూసి పరుగెత్తుకు రాలేదు. ముందు తండ్రి వైపు చూసింది. తర్వాత కుడిచెయ్యి ఒక్కటే నుదుటి దాకా ఎత్తి దణ్ణం పెట్టింది.

ఒంటిచేతి దణ్ణం ట్రైనింగ్ స్కూలు మర్యాద ఏమోలే అనుకుంది చంద్రకాంతమ్మ.

"రా తల్లీ. నేను అవ్వను. మరిసిపోయినావా?"

తండ్రి తల ఊపాక బిడ్డ వచ్చి, చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగింది. చంద్రకాంతమ్మ దగ్గరకు లాక్కుని గుండెకు అదుముకుంది. ఆ ఒళ్ళు కట్టెలాగా బిగుసుకుపోయింది. నోట్లోంచి చిన్న శబ్దం కూడా రాలేదు. తనను మరిచిపోయిందని, పరాయిదాన్ని చూసినట్టు చూస్తున్నదని ఆమె అనుకుంది.

"చూసినావా అక్కా?" అన్నాడు ధనంజయ. అతని గొంతులో సంతోషం ఉంది. "పోయినసారి నువ్వు పోయేటప్పుడు ఎంత గోల చేసిందో గుర్తుందా?"

"గోల కాదురా అబ్బోడా. నా కొంగు పట్టుకుని ఏడ్సింది."

"అదే నేను చెప్పేది. ఆ దుఃఖం ఇప్పుడు లేదు."

చంద్రకాంతమ్మ వంగి, బిడ్డ పాపిడి సరిచేస్తూ, "తల కంపు కొడతా ఉండాది. ఒక్కపూట నేను తలంటి పోస్తాను. నా సంతోషానికి" అంది.

"అది తానే పోసుకుంటుంది."

"రోజూ పోసుకునేదే గదా. ఇయ్యాల నేను పోస్తాను."

ధనంజయకు ఉపన్యాసం ఇంకా ఒకసారి వల్లించుకోవలసి ఉంది. వాదులాడే ఓపిక లేదు. సరేనన్నాడు.

*

వంటమనిషి గురవమ్మ కాగులో నీళ్ళు కాచి, సీకాయ కలిపిపెట్టింది. స్నానాల గదిలోకి వచ్చాక మునిరత్నం గోడకు ఆనుకుని నిలబడింది.

"నేనే పోసుకుంటానవ్వా. నువ్వు బయట కూర్చో."

"సిగ్గా నీకు? మీ అమ్మకు, మీ నాయనకు కూడా నేనే పోసినాను నీళ్ళు. గౌను తియ్యి."

"నాకు వచ్చును అవ్వా."

ఆ గొంతులో మారాం లేదు, మొండితనం లేదు. పెద్దవాళ్ళు ఒక పనిలోంచి మర్యాదగా తప్పుకోవడానికి మాట్లాడినట్టుంది. చంద్రకాంతమ్మ నవ్వి ముందరి గుండీలు విప్పి, గౌను భుజాల మీంచి కిందికి లాగింది. ఎడమచేతి దగ్గర గుడ్డ ఇరుక్కుంది. ఇంకొంచెం లాగింది. మునిరత్నం కళ్ళు మూసుకుంది.

గౌను ఊడి వచ్చింది. చంద్రకాంతమ్మ చేతిలోంచి అది నీళ్ళలో పడిపోయింది.

ఎడమ మోచెయ్యి వాచి గుండ్రంగా ఉంది. దాని కింద చెయ్యి ఉండవలసిన దారిలో లేదు. పక్కకు తిరిగి ఉంది. చర్మం మీద పసుపు, పచ్చ కలిసిన మచ్చ మణికట్టు దాకా పాకింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని ఉన్నాయి.

"గురవమ్మా!"

గురవమ్మ పరుగెత్తుకొచ్చి చూసి నోరు మూసుకుంది. "నాకు తెల్దమ్మా. నేను పొద్దున్నే వండేసి పోతాను. పాపను ముట్టద్దనినాడు అయ్య. ఎవురైనా ముడితే అలవాటు సెడిపోతాదని."

చంద్రకాంతమ్మ తడినేల మీదే కూర్చుంది. బిడ్డ ముఖం తన ముఖానికి ఎదురుగా వచ్చింది.

"ఎప్పుడు పడినావమ్మా?"

"చవితి దినం."

చవితి వెళ్ళి, పౌర్ణమి వెళ్ళి, పితృపక్షం నడుస్తోంది.

"యాడ పడినావు?"

"పెరట్లో గోడ మీద నుంచి. పక్కింట్లో వాళ్ళమ్మ పాపకు తలదువ్వి పూలు పెడతా ఉన్నింది. నేను సూస్తా ఉంటిని. కాలు జారింది."

"ఎవురికీ సెప్పలేదా?"

మునిరత్నం తల అడ్డంగా ఊపింది.

"ఎందుకమ్మా? ఎందుకు సెప్పలేదు?"

అది అడగవలసిన ప్రశ్నే కాదన్నట్టు, అవ్వకు తెలియనందుకు ఆశ్చర్యపడినట్టు ఆ పిల్ల మెల్లగా చెప్పింది. "చెప్తే ఏడుపొస్తాది అవ్వా. ఏడిస్తే నాయన ఎల్లిపోతాడు."

*

ధనంజయ కోటు గుండీలు పెట్టుకుంటూ ముందరి గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఉపన్యాసం మొదటి వాక్యాలు అతని పెదవుల మీద ఉన్నాయి. చంద్రకాంతమ్మ తుండుగుడ్డ చుట్టిన బిడ్డను ఎత్తుకుని వచ్చి అతని ముందర నిలబడింది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది.

"ఎత్తుకోవద్దని చెప్పినాను గదా అక్కా."

"సూడు" అంది ఆమె, గుడ్డ తొలగించి.

ధనంజయ చూశాడు. ముందు దగ్గరకు వచ్చాడు. తర్వాత ఒక అడుగు వెనక్కు వేశాడు. పాఠం అడిగే గొంతుతోనే బిడ్డను అడిగాడు.

"ఎప్పుడు జరిగింది ఇది?"

"చవితి దినం నాయనా."

"నొప్పిగా ఉందా?"

"లేదు నాయనా."

ధనంజయ అక్క వైపు తిరిగాడు. "పెద్ద దెబ్బ అయ్యుండదు. బెణికుంటుంది. నొప్పుంటే ఏడ్చేది గదా. ఎముక విరిగితే ఏ బిడ్డయినా..."

మాట అక్కడ ఆగిపోయింది. తానన్నది తనకే వినిపించింది.

"ఏడస్తాది" అంది చంద్రకాంతమ్మ. "ఏ బిడ్డయినా ఏడస్తాది. నీ బిడ్డ ఏడవదు. ఆ మాట సెప్పేదానికే గదా కోటేసుకుంటా ఉండావు?"

ధనంజయ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"ఇన్ని దినాలు ఒంటిచేత్తో నీళ్ళు పోసుకునింది. ఒంటిచేత్తో తల దువ్వుకునింది. ఈ చెయ్యి గౌనులో దాసిపెట్టుకుని నీ ఎదురుగా కూర్చుని అన్నం తినింది. నువ్వు సూడలేదా? ఒక్కసారైనా దాన్ని దగ్గరికి తీసుకునింటే తెలిసేది కదరా. సేతి కింద సెయ్యి పెట్టి ఎత్తుకునింటే తెలిసేది."

"నేను దీన్ని బాగుచెయ్యాలనే చేసినాను అక్కా. చెరపాలని చెయ్యలేదు. నువ్వు చూసినావు గదా ఆ రోజులు. అమ్మ అమ్మ అని ఏడ్చి ఏడ్చి వాంతులు చేసుకునేది. నేను ఏం చెయ్యాల? అమ్మను యాడ్నించి తెచ్చేది?"

"తేలేవు. ఎవురూ తేలేరు. పక్కన కూర్చోని నువ్వు కూడా ఏడ్సుంటే సాలు."

"నేను మొదలుపెట్టి ఉంటే ఆపేవాళ్ళెవరు?" ధనంజయ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "దానికి వరద కళ్ళు. వరద నోరు. అది ఏడిస్తే వరద ఏడ్చినట్టే ఉంటుంది. ఆ గదిలో నేను ఉండలేకపోయినాను. అక్కా, నేను ఉండలేకపోయినాను. పుస్తకంలో బయటికి పొమ్మని ఉంది. పోయినాను."

చంద్రకాంతమ్మ కళ్ళు నిండాయి. తను పెంచిన పిల్లవాడు, తన కూతురి మొగుడు. కూతురు పోయినరోజు కన్నీటిచుక్క రాల్చలేదని ఊళ్ళోవాళ్ళంతా అంటుంటే, మగోడు, తట్టుకుంటా ఉండాడని చెప్పి నోళ్ళు మూయించింది ఆమే. ఆ పొద్దు అతని మెడ పట్టుకుని ఏడిపించి ఉండవలసిందని ఇప్పుడు అనిపించింది.

"నాయనా" అంది మునిరత్నం, అవ్వ భుజం మీంచి. "హాలుకు పోవాల గదా. ఇంకో గౌను తొడుక్కుంటే చెయ్యి కనపడదు."

ధనంజయ ఆ మాట విని ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే వాకిట్లో సైకిలు ఆగింది. ట్రైనింగ్ స్కూలు బంట్రోతు పెంచలయ్య లోపలికి తొంగిచూశాడు. "సార్, అందరూ వచ్చి కూర్చోనుండారు. పాపను తీసుకుని బిరీన రమ్మన్నారు."

"అరగంటలో వస్తానని చెప్పు" అన్నాడు ధనంజయ. అలవాటుగా వచ్చేసింది ఆ మాట. అన్న మరుక్షణం అక్క ముఖం చూశాడు.

చంద్రకాంతమ్మ బిడ్డకు పమిట కప్పి, గడప దాటి, అరుగు దిగి నడిచింది. సందు మొదట్లో జట్కావాణ్ణి కేక వేసింది. ఆమె వెనక్కు తిరిగి చూడలేదు. బిడ్డ మాత్రం అవ్వ భుజం మీద గడ్డం ఆనించి, కనుమరుగయ్యేదాకా తండ్రి వైపే చూసింది.

"సార్" అన్నాడు పెంచలయ్య.

"రాను అని చెప్పు."

"ఎందుకని అడిగితే ఏం సెప్పేది సార్?"

"బిడ్డ చెయ్యి విరిగిందని చెప్పు." ధనంజయ కోటు విప్పబోయి, విప్పకుండానే అరుగు దిగాడు. "విరిగి చానా దినాలైందని చెప్పు. నాకు తెలీదని కూడా చెప్పు."

*

జట్కా మలుపు తిరగకముందే అతను పరుగెత్తి ఎక్కాడు. చంద్రకాంతమ్మ జరిగి చోటిచ్చింది గాని బిడ్డను అతనికి ఇవ్వలేదు. వానలకు రోడ్డంతా గుంటలు పడి ఉంది. చక్రం గుంటలో దిగినప్పుడల్లా ధనంజయ కూతురి ముఖం చూశాడు. పెదవి వణకలేదు. కనురెప్ప కదలలేదు. ముక్కు పక్కన మాత్రం చెమట సన్నగా పట్టి ఉంది. ఇన్నాళ్ళు ఆ చెమటను అతను చూడలేదు. చూసినా ఎండ అనుకునేవాడు.

మొదటిసారి పద్ధతి పనిచేసిన సాయంత్రం అతనికి గుర్తుకొచ్చింది. తలుపు బయట నిలబడి విన్నాడు. ఏడుపు పెద్దదై, బొంగురుపోయి, సన్నబడి, ఆగిపోయింది. వరదమ్మ పోయాక అతనికి ప్రాణం తేలికపడింది ఆ పూటే. ఏడుపు ఆగిందని సంతోషించాడు గాని, ఆపిన తర్వాత లోపల ఆ రెండున్నరేళ్ళ పసిది ఒక్కతే ఏం చేసిందో, ఎటు చూస్తూ కూర్చుందో ఇంతవరకు ఎన్నడూ ఆలోచించలేదు.

"రత్నా" అన్నాడు.

"ఆఁ నాయనా."

చక్రం మళ్ళీ గుంటలో దిగింది.

*

ఆసుపత్రిలో డాక్టరు రాజారత్నం వయసు మళ్ళినవాడు. మెల్లగా మాట్లాడతాడు. బిడ్డను బల్ల మీద కూర్చోబెట్టి, చెయ్యి తన అరచేతిలోకి తీసుకుని, చాలాసేపు తిప్పకుండా చూశాడు. ఎప్పుడు విరిగిందో చంద్రకాంతమ్మ చెప్పగానే కళ్ళజోడు తీసి ఇద్దర్నీ చూశాడు.

"ఇంతకాలం ఎందుకు తీసుకరాలేదమ్మా?"

"తెలీకపోయె సామీ."

"ఎముక విరిగిన బిడ్డ ఇంట్లో ఉంటే తెలీకుండా ఎట్లుంటుంది?"

డాక్టరు నిట్టూర్చి ధనంజయ వైపు తిరిగాడు.

"ఎముక వంకరగా అతుక్కుంటా ఉండాది సార్. మత్తిచ్చి, మళ్ళీ విరిచి, సరిగ్గా కట్టాల. అది నేను చేస్తాను. కానీ ఈ వేళ్ళు చూడండి, ముడుచుకుంటా వస్తా ఉండాయి. మోచేతి ముందరి పక్క ఒక పెద్ద నరం పోతాది. అది ఎముకల సందులో ఇరుక్కోని ఉంటే, నేను విరిచేటప్పుడు తెగిపోతాది. అప్పుడు ఈ చెయ్యి జన్మకు పనికిరాదు. ఇరుక్కోకపోతే ఈ పొద్దే కట్టేస్తాను. ఇరుక్కునిందంటే రాయవేలూరు పెద్దాసుపత్రికి తీసుకపోయి, కోసి చూడాల."

"ఇరుక్కునిందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు ధనంజయ.

"బిడ్డే చెప్పాల. గుచ్చితే ఏ వేలు నొస్తాదో, ఏ వేలికి ఏం తెలీదో."

డాక్టరు సన్నటి సూది తీసి మంటలో కాల్చి, చల్లార్చి, మునిరత్నం ఎడమ బొటనవేలి మొన మీద గుచ్చాడు.

"నొస్తాదా అమ్మా?"

మునిరత్నం తండ్రి వైపు చూసింది. "లేదండి."

చూపుడువేలు గుచ్చాడు. "ఇప్పుడు?"

"లేదండి."

నడిమి వేలు. "లేదండి." డాక్టరు ముఖం నల్లబడింది. చంద్రకాంతమ్మ చేతులు జోడించి గోడకు ఆనుకుంది. ఆయన చిటికెనవేలు పట్టుకుని గుచ్చాడు.

"లేదండి."

డాక్టరు ఆగాడు. చిటికెనవేలికి పోయే నరం వేరు. అది మోచేతికి వెనక పక్క నుంచి పోతుంది. దానికి దెబ్బ తగిలిన జాడ లేదు. ఆయన బిడ్డ ముఖం పరీక్షగా చూశాడు. ప్రతి జవాబుకు ముందూ ఆ కళ్ళు ఎక్కడికి పోతున్నాయో చూశాడు. అటువైపు తిరిగి ధనంజయను చూశాడు.

తర్వాత బిడ్డ కుడిచెయ్యి తీసుకున్నాడు. దెబ్బ తగలని చెయ్యి. దాని చూపుడువేలు పట్టుకుని, ఇందాకటి కంటే గట్టిగా గుచ్చాడు. ఎర్రటి చుక్క పైకి ఉబికింది.

"నొస్తాదా అమ్మా?"

"లేదండి" అంది మునిరత్నం. అని, తండ్రి వైపు చూసి చిన్నగా నవ్వింది. శభాష్ అంటాడని ఎదురుచూసింది.

డాక్టరు సూదిని బల్ల మీద పెట్టాడు. దూది తీసి ఆ రక్తపు చుక్కను అద్దుతూ, తల ఎత్తకుండా అడిగాడు. "ఈ బిడ్డకు ఇది నేర్పిందెవరు?"

"నేను" అన్నాడు ధనంజయ.

"నేర్పినోళ్ళే మరిపించాల. ఈ బిడ్డ మాట మీద నేను కత్తి పట్టలేను."

ధనంజయ బల్ల ముందర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూతురి కళ్ళకు తన కళ్ళు సరిగ్గా ఎదురుగా వచ్చాయి. వరదమ్మ కళ్ళు. ఇన్నాళ్ళు తప్పించుకున్న చూపు.

"రత్నా. నొస్తే నొస్తాదని చెప్పాల. ఏడుపొస్తే ఏడవచ్చు. నాయన ఏమీ అనడు."

మునిరత్నం అనుమానంగా చూసింది. ఇది ఇంకో పరీక్ష. అన్నిటికంటే కష్టమైనది. నాయన ఎప్పుడూ ఇట్లా కింద కూర్చోలేదు. నాయన గొంతు ఎప్పుడూ ఇట్లా లేదు. ఈసారి తప్పు చేయకూడదు. కుడిచెయ్యి చాచి, రక్తం అంటిన వేలు తగలకుండా తండ్రి కోటు అంచు పట్టుకుంది.

"నేను ఏడవనులే నాయనా" అంది, ఓదారుస్తున్నట్టు. "నువ్వు ఈడనే ఉండు."

ధనంజయ తల బిడ్డ మోకాళ్ళ మీదకు ఒరిగిపోయింది. డాక్టరు వచ్చి అతని భుజం పట్టుకుని లేపాడు.

"మీరు ఎదురుగా ఉండేంతవరకు ఈ బిడ్డ నిజం చెప్పదు సార్. ఇంకొంచెం సేపు చూస్తాను. పొద్దు వాలితే నాకు వెలుతురు సాలదు. మీరు బయట ఉండండి."

"దాన్ని వదిలి నేను ఇంక బయటికి పోలేను."

"దానికోసమే పోవాల."

అతను తలుపు దాకా పోయి వెనక్కు చూశాడు. మునిరత్నం చెయ్యి, కోటు పట్టుకున్నట్టే గాలిలో ఉంది. తానేం తప్పు చేసిందో వెతుక్కుంటున్నట్టు ఆ చిన్న నుదురు ముడిపడింది. లోపలి నుంచి తలుపు మూశారు.

వరండాలో రోగుల బంధువులు గోడవార కూర్చుని ఉన్నారు. ఎవరో ముసలాయన జరిగి చోటు చూపించాడు. ధనంజయ కూర్చోలేదు. తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు. ఏ శబ్దం రాకూడదని ఇన్నేళ్ళు కాపలా కాశాడో, ఆ శబ్దం కోసం ఇప్పుడు ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏడువమ్మా అని లోపల్లోపల బతిమాలుకున్నాడు. ఒక్కసారి ఏడువు. చెయ్యి బతికుందని చెప్పు.

లోపల చంద్రకాంతమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "నేను యాడికీ పోను తల్లీ. నువ్వు ఎంత ఏడ్సినా పోను. నా ఒళ్ళోనే ఉండు. ఇదో, అవ్వ కూడా ఏడస్తా ఉండాది, సూడు."

సూది బల్ల మీంచి తీసిన చిన్న చప్పుడు.

"ఈ వేలు అమ్మా?" డాక్టరు అడిగాడు.

జవాబు లేదు. ఈసారి లేదండి అని కూడా లేదు. ధనంజయ రెండు అరచేతులూ తలుపుకు ఆనించాడు.

అప్పుడు బిడ్డ గొంతు వచ్చింది. ఏడుపు కాదు. ఎన్నాళ్ళ నుంచో దాచుకున్న మాట, అడగవచ్చో లేదో తెలియక అడుగుతున్నట్టుగా ఉంది.

"అవ్వా, నేను ఏడిసినాననేనా అమ్మ ఎల్లిపోయింది?"

గోడవార కూర్చున్న ముసలాయన తల ఎత్తి తలుపు వైపు చూశాడు. బిడ్డ కొంతసేపు ఎదురుచూసింది. తర్వాత మళ్ళీ అడిగింది. ఈసారి అడిగింది అవ్వను కాదు.

"నాయనా, తలుపు బయటనే ఉండావా?"